కాళ్ళు తేలితే పోయినట్టే

నలభై దాటినవాళ్ళు నలుగురు కూడితే కాసేపటికి ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. "చిన్నప్పుడు ఒక కథ చదివాను, పేరు గుర్తులేదు. అందులో ఒక మాంత్రికుడుంటాడు..." మిగతావాళ్ళు అక్కడే నవ్వేస్తారు. మాంత్రికుడు లేనిదెందులో? దట్టమైన అడవి, ఇద్దరు సాహస యువకులు, పాడుబడ్డ గుడి, వింత జంతువు మీద స్వారీ చేసే దుష్టుడు, ఇవి లేని సీరియల్ మన బాల్యంలో ఏదీ? తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లాడి ఆనవాళ్ళు మైకులో చెబుతూ "రెండు కళ్ళు, ఒక ముక్కు" అన్నట్టుంటుంది ఈ వెతుకులాట.

ఇలా అడిగేవాళ్ళను కొన్నేళ్ళుగా గమనిస్తున్నాను. వాళ్ళకి కథ గుర్తుండదు. చివరికి ఎవరు గెలిచారో అంతకన్నా గుర్తుండదు. గెలిచేది మంచివాళ్ళేనని ముందే తెలుసు కాబట్టి దాన్ని దాచుకోవలసిన పని పడలేదేమో. మిగిలేవి అక్కరకు రాని ముక్కలు: పేజీలో కుడివైపు కింద రాక్షసుడు వంగి కూర్చున్న తీరు, ఎవరో తిన్న రొట్టె, అట్ట మీది వంకాయ రంగు.

నా దగ్గర మిగిలిన ముక్క ఇది. ఒక సరస్సు. ఒడ్డున చేపలు పట్టుకునే కుర్రాడు. ఎవరో పెద్దమనిషి వచ్చి, తన చేతులు కట్టేసి నీళ్ళలోకి తోసెయ్యమంటాడు. చేతులు ముందు పైకి తేలితే వల విసిరి లాగాలి. కాళ్ళు తేలితే తను పోయినట్టే, కుర్రాడు తన దారిన తను పోవచ్చు. తోస్తాడు. కాసేపటికి నీళ్ళ మీద రెండు పాదాలు తేలతాయి. దూరంగా తాటిచెట్టు కింద ఆ కుర్రాడి తల్లి చెంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడి ఉంటుంది. దీనికి ముందు ఏం జరిగిందో, తరవాత ఏమైందో నాకు తెలియదు. చాలా ఏళ్ళు ఆ పాదాలు అలా తేలుతూనే ఉన్నాయి.

ఫలానా రచయిత పుస్తకాలన్నీ తిరగేస్తే దొరుకుతుందిలే అనుకునే వీలు మన తరానికి లేదు. 1947 జులైలో మద్రాసులో మొదలైన 'చందమామ' తన సీరియళ్ళకు రచయిత పేరు వేసేది కాదు. 1952 నుంచి 1980లో పోయేదాకా సంపాదకత్వపు బరువు మోసిన కొడవటిగంటి కుటుంబరావు పేరు కూడా చదివే పిల్లలకు తెలియదు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'కంచుకోట', 'రాకాసిలోయ', 'శిథిలాలయం' మీదుగా 'భల్లూక మాంత్రికుడు' దాకా పన్నెండు సీరియళ్ళు రాసినవాడు ఒకే మనిషనీ, ఆయన పేరు దాసరి సుబ్రహ్మణ్యం అనీ నాకు జుట్టు నెరిశాక గాని తెలియలేదు. ఆయన 2010లో కన్నుమూశారు. బొమ్మలు వేసినవాళ్ళ సంగతి వేరు. 'చిత్ర', 'శంకర్', అట్ట మీద 'వపా': ఈ సంతకాలు అక్షరాలు సరిగా రాని పిల్లలు కూడా గుర్తుపట్టేవారు. మాటలు ఎవరివో తెలియదు, గీతలు ఎవరివో తెలుసు. అందుకే ఇవాళ వెతికేవాళ్ళు వాక్యాన్ని గుర్తుచేసుకోరు, బొమ్మను గుర్తుచేసుకుంటారు. ఒకసారి బెంగళూరులో కటక్ నుంచి వచ్చిన సహోద్యోగి ఒకాయన తన చిన్ననాటి మాంత్రికుణ్ణి గాలిలో గీసి చూపించాడు. గడ్డం, దండం, కళ్ళ కింద గీతలతో సహా వాడు నావాడే. ఆయన చదివింది 'జహ్నమాము', మన చందమామ ఒరియా రూపం. అచ్చు వేరు, బొమ్మ ఒకటే. మా ఇద్దరికీ కలిపి ఒకే బాల్యం ఉందని కనిపెట్టుకుని కాఫీ చల్లారబెట్టుకున్నాం.

మరిచిపోయాం అంటాంగానీ, అసలు మనం పూర్తిగా చదివిందెన్నడు?

మా ఊళ్ళో అద్దె పుస్తకాల షాపు ఉండేది. నేను చదివిన చందమామల్లో చాలావరకు అక్కడివే. ఆరు సంచికలు కలిపి లావుపాటి దారంతో కుట్టి, మైదా ఉడికించిన బంకతో అట్ట అతికించి ఉండేవి. అంచులు కోసిన బైండరు చెయ్యి ఒక్కోసారి లోపలికి పోయి, ప్రతి వరసలోనూ చివరి అక్షరం సగం తెగేది. "మాంత్రికుడు" అన్నచోట "మాంత్రికు" దాకానే ఉంటే మిగతాది మనమే చదువుకోవాలి. దానికన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటి. సీరియల్ పేజీలు మాత్రం చింపుకుపోయి విడిగా కుట్టించుకునే భక్తులు ఉండేవారు. వాళ్ళ చేతిలో పడి వచ్చిన సంచికలో మధ్యన పేజీలు ఉండవు, కుట్టు దగ్గర గరుకుగా చిరిగిన అంచులు మాత్రం ఉంటాయి. వేలితో ఆ అంచులు తడిమి, ఎన్ని పేజీలు పోయాయో లెక్కపెట్టి, షాపతని మీద కోపంతో ఇంటికి పోవడం నాకు బాగా గుర్తు.

అప్పుడు ఆదుకునేది తరవాతి నెల సీరియల్ మొదట్లో ఇచ్చే జరిగిన కథ. నాలుగైదు వాక్యాలు. ఫలానావాడు కొండ దిగి గుహలో ప్రవేశించాడు, ఏనుగుల్ని తప్పించుకున్నాడు, శత్రువుల చేత చిక్కాడు, అంతే. ఎలా తప్పించుకున్నాడో ఉండదు. ఆ ఎలా అన్నది ఎవరు రాశారు? మనమే. డాబా మీద పడుకుని, స్కూలుకు నడుస్తూ, లెక్కల క్లాసులో. నెల పొడుగునా రాసింది, రెండు నిమిషాల్లో చదివింది, రెండూ ఒకే అరలో పడ్డాయి. ముప్ఫై ఏళ్ళ తరవాత ఆ అరలో చెయ్యిపెట్టి ఏది ఎవరిదో తేల్చుకోవడం అయ్యే పనేనా? సోవియట్ పుస్తకాలతోనూ ఇదే. విశాలాంధ్ర వాళ్ళ దగ్గర కొన్న ఆ గట్టి అట్టల పుస్తకాలు నలుగురు పిల్లల చేతులు మారేసరికి ముందు అట్ట పోయేది, దాంతో పేరూ పోయేది. నక్క, ఎలుగుబంటి, మంచు మాత్రం మిగిలేవి.

ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే కేంబ్రిడ్జి మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1932లో జ్ఞాపకం మీద ఒక పుస్తకం వేశాడు. అమెరికా ఆదివాసుల దయ్యాల కథ ఒకటి ఇంగ్లండులో జనం చేత చదివించి, కొంత వ్యవధి ఇచ్చి, గుర్తున్నంత రాయమన్నాడు. కొందరిని నెలలూ ఏళ్ళూ గడిచాక మళ్ళీ అడిగాడు. చెట్టు బోదెతో చేసిన దోనెలు మామూలు పడవలయ్యాయి. సీలు జంతువుల వేట కాస్తా చేపల వేట అయింది. అర్థంకాని దయ్యాలు కొందరి కథల్లోంచి మెల్లిగా తప్పుకున్నాయి. పెట్టెలోంచి తీసినట్టు మనం జ్ఞాపకాన్ని బయటికి తీయం, తీసినప్పుడల్లా మళ్ళీ కడతాం, ఇంట్లో ఉన్న సామానుతోనే కడతాం అన్నది ఆయన తేల్చిన మాట. ఇది జ్ఞాపకం చేసే ద్రోహమని ఆ పుస్తకం చదివిన చాలామంది అంటారు. నాకలా అనిపించదు. దోనె ఎరగనివాడు పడవ అన్నాడంటే కథను తన ఊరి చెరువులోకి దింపుకున్నాడన్నమాట.

ఇంతకన్నా ముందే మన నైయాయికులు జాగ్రత్తపడ్డారు. స్మృతిని వాళ్ళు ప్రమాణాల్లో చేర్చలేదు. వస్తువు ఎదుట లేకుండా, పాత సంస్కారం ఒక్కటే ఆధారంగా వచ్చింది గనక దాని మాట సాక్ష్యానికి చెల్లదు. అదే వస్తువు కంటి ముందుకొచ్చి, "వీడే ఆ దేవదత్తుడు" అని గుర్తుపట్టడం వేరు. దాన్ని వాళ్ళు ప్రత్యభిజ్ఞ అన్నారు, దాని మీద తరాల తరబడి వాదులాడుకున్నారు. పుస్తకం వెతికేవాడు నడిచే దారి సరిగ్గా ఈ రెంటి మధ్యనే. వాడి చేతిలో ఉన్నది చెల్లని సాక్ష్యం. దాన్ని పట్టుకుని చెల్లే సాక్ష్యం కోసం బయలుదేరతాడు. ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో, బంధువుల ఇళ్ళ అటకల మీద.

కానీ ఏం తెలిస్తే తెలిసినట్టు? గుర్తున్న ఆనవాళ్ళు మారిపోయి ఉంటాయని బార్ట్‌లెట్ చెప్పాడు కదా. మరి అవి సరిపోలడం చూసి గుర్తుపట్టడం ఎలా కుదురుతుంది?

నాకు దొరికిన తీరు చెబుతాను. ఒక పెళ్ళిలో భోజనాలయ్యాక మా బావతో ఈ సరస్సు సంగతి ఎత్తాను. ఆయన తమలపాకుకి సున్నం రాస్తూ తలెత్తకుండానే, "పింగళుడు కదయ్యా అది! ముగ్గురు మాంత్రికులు" అన్నాడు. పింగళుడు. ఆ పేరు నాకు ముప్ఫై ఏళ్ళుగా తట్టలేదు, ఆ రోజుకు ముందు ఎవరైనా అడిగితే పింగళుడు అన్న పేరు ఎప్పుడూ విననే లేదని చెప్పేవాణ్ణి. చెవిన పడగానే మాత్రం ఒళ్ళు ఝల్లుమంది. ఏ పేజీ చూడలేదు, ఏ ఆనవాలూ పోల్చలేదు. నమ్మకం ముందొచ్చింది, రుజువులు తరవాత వచ్చాయి. సంస్కారానికి ఎదుటి వస్తువు తోడవాలన్నారు శాస్త్రంలో. ఇక్కడ ఎదుట ఉన్నది ఒక పేరు, సున్నం అంటిన వేలు, అంతే.

శాకుంతలంలో అయిదో అంకం మొదట్లో దుష్యంతుడు ఎక్కడినుంచో వచ్చే పాట వింటాడు. తనకి దూరమైనవాళ్ళెవరూ లేరనే అనుకుంటున్నాడు, అయినా మనసు కుదుటపడదు. సుఖంగా ఉన్నవాడికి కూడా ఇంపైనది చూసినా విన్నా ఈ బెంగ ఎందుకు కలుగుతుంది? ఎరుకలో లేని జన్మాంతర స్నేహాలు మనసుకు గుర్తొస్తాయి కాబోలు అని సరిపెట్టుకుంటాడు. ఆ స్నేహం వెనకటి జన్మది కాదు, ఈ జన్మదే, గర్భవతిగా ఆయన ఎదుటికి రాబోతోంది. ఉంగరం సంగతి అందరూ చెప్పుకుంటారు. నన్నడిగితే మరుపు గురించి కాళిదాసు చెప్పిన అసలు మాట ఇక్కడుంది. మరిచిపోయినది బెంగ రూపంలో ముందే వచ్చేసింది, ఉంగరం తరవాతెప్పుడో వచ్చి పేరు చెప్పింది.

దాసరివారి 'ముగ్గురు మాంత్రికులు' తెచ్చుకుని చదివాను. సరస్సు ఉంది. నీళ్ళలోకి తొయ్యమనే మనిషి ఉన్నాడు. ఒడ్డున తల్లి మాత్రం లేదు. తల్లికి కథలో చోటుంది, కానీ ఇంటి దగ్గర. తాటిచెట్టు కింద చెంగు నోటికడ్డం పెట్టుకున్న మనిషి అచ్చులో ఎక్కడా లేదు. చిరిగిన పేజీల నెలలో నేను నిలబెట్టి ఉంటాను. పిల్లాడు అలాంటి పనికి ఒప్పుకుంటుంటే అమ్మ ఊరుకుంటుందా అన్న అనుమానం ఎనిమిదేళ్ళవాడికి రావడంలో వింతేముంది? నిజం చెప్పాలంటే సీరియల్ చదువుతున్నంతసేపూ నా చూపు ఆ ఒడ్డు మీదే ఉంది, ఆవిడ ఇప్పుడైనా వస్తుందేమోనని.

ఇక్కడితో ఆగితే బాగుండేది. ఈ కథ తల్లివేరు అరేబియన్ నైట్స్‌లో ఉందని తెలిసి అదీ చదివాను. కైరోలో కారూన్ సరస్సు, జూదర్ అనే జాలరి, కంచర గాడిద మీద వచ్చిన మగ్రిబ్ దేశపు మాంత్రికులు. మొదటి ఇద్దరికీ కాళ్ళే తేలతాయి. మూడోవాడికి చేతులు తేలతాయి, రెండు చేతుల్లోనూ పగడాల్లాంటి ఎర్రటి చేపలు. అడిగిన వంటకం ఇచ్చే జీను సంచీ కూడా ఉంది. జూదర్ తల్లిని అన్నలు మోసం చేసి రోడ్డున పడేస్తారు, ఆవిడ బిచ్చమెత్తుకుంటుంది. అది చదివినప్పుడు ఒక్క క్షణం ఉలిక్కిపడ్డాను. కైరో నుంచి మద్రాసుకు వచ్చేసరికి జూదర్ పింగళుడయ్యాడు. మద్రాసు నుంచి మా ఊరికి వచ్చేసరికి సరస్సు ఒడ్డున తాటిచెట్టు మొలిచింది. దాసరివారు తెలిసి చేసిన పనే నేను తెలియక చేశాను. జూదర్ కథ మొదట చెప్పినవాడు ఎవరి దగ్గర సగం విని మిగతా సగం కల్పించాడో ఎవరు చూడొచ్చారు? అసలు పుస్తకం దొరికిందని ఇప్పుడు ఏ ప్రతిని చేత్తో పట్టుకుని చెప్పను?

మా అక్క కథ ఇంకా తేలలేదు. ఆవిడకి గుర్తున్నది ఒక పిల్ల. ఆ పిల్ల తన నీడని ఎవరికో ఇచ్చేసి బదులుగా ఒక గంట తెచ్చుకుంటుంది. ఎండలో నడిచినప్పుడల్లా ఊరివాళ్ళు కింద చూసి తప్పుకుంటారు. గంట మోగితే ఏమవుతుందో అక్కకు గుర్తులేదు. రష్యా పుస్తకమై ఉంటుందని నేను, ఖాయంగా 'బొమ్మరిల్లు' పత్రికలోదేనని బావ. ఏళ్ళ నుంచి ఈ వాదన నడుస్తోంది. మేం వాదించుకుంటుండగా అక్క ఆ కథని మనవరాలికి చెప్పడం మొదలుపెట్టింది. ఒక రాత్రి గంట మోగితే వాన వచ్చింది, ఇంకో రాత్రి నీడలన్నీ లేచి నిలబడ్డాయి. పిల్ల ఊరుకోలేదు. "కాదు అమ్మమ్మా, మొన్న వానన్నావు. పుస్తకం పేరు చెప్పు, నేనే చదువుకుంటా" అంది. అక్క తడుముకోకుండా నోటికొచ్చిన పేరు ఒకటి చెప్పేసింది. పక్కగదిలో ఉన్న బావ విన్నాడు. మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్ చేసి, ఆ పేరుతో లెనిన్ సెంటర్‌లో ఎవరినైనా అడిగి చూడమన్నాడు.