కనబడనివన్నీ ఒకటేనా?

దేవుడున్నాడా లేడా అన్న వాదనలో తరచుగా ఒక మాట వినబడుతుంది: సైన్సు మాత్రం కనబడనివాటిని నమ్మడం లేదా, న్యూట్రాన్ తారను ఎవరు చూశారు అని. ప్రశ్న మంచిదే. మరో నక్షత్రంతో జంటకట్టి తిరిగే న్యూట్రాన్ తారను దాని జోడు నుంచి విడదీసి చూపగల ఎక్స్‌రే దుర్భిణి ఇప్పటికీ లేదు. అయినా కనబడనివన్నీ ఒకే బాపతువి కావు. ఈ తేడా తేల్చుకోవడానికి కలకత్తా తగిన చోటు. నక్షత్రాల వర్ణపట రేఖల్లోంచి వాటి వేడిని రాబట్టే దారిని 1920లో మేఘనాథ్ సాహా చూపింది అక్కడి నుంచే. అన్నీ వేదాల్లోనే ఉన్నాయనే ధోరణిని తర్వాత బెంగాలీ పత్రికలో ఎద్దేవా చేసిందీ ఆయనే. అక్కడికి ఉత్తరాన నవద్వీపంలో నవ్యన్యాయమనే తర్కశాస్త్ర పండితులు, ఏ అనుమానం (కనబడినదాన్ని బట్టి కనబడనిదాన్ని తేల్చడం) చెల్లుతుంది, ఏది చెల్లదు అని తరాల తరబడి తర్కించారు.

ఎక్స్‌రే కిరణాలను మన వాతావరణం పీల్చేస్తుంది కనుక వాటికోసం పైకి వెళ్లక తప్పదు. 1970 డిసెంబరులో కెన్యా తీరం నుంచి ఎగిరిన ఉహురు ఉపగ్రహం సెంటారస్ ఎక్స్-3 అనే మూలంలో 4.8 సెకన్లకొకసారి వచ్చే స్పందనను పట్టింది. ఆ స్పందనలు కొంతకాలం ముందుగా, కొంతకాలం ఆలస్యంగా అందుతున్నాయి. తేడా అటూ ఇటూ సుమారు 40 సెకన్లు. ఆ చక్రం 2.09 రోజులకు పూర్తవుతోంది. సరిగ్గా అంతే వ్యవధితో ఆ ఎక్స్‌రే మూలం పూర్తిగా మసకబారి, మళ్లీ వెలుగుతోంది. ఒకటి కక్ష్య చెప్పిన సాక్ష్యం, రెండోది జోడు నక్షత్రం అడ్డొచ్చే గ్రహణం చెప్పిన సాక్ష్యం. ఏ ఒక్కటి పొసగకపోయినా కథ కూలిపోయేది. పైగా ఏళ్లు గడిచేకొద్దీ ఆ స్పందనల వెనకున్న భ్రమణ వేగం ఎంత వడివడిగా పెరిగిందంటే, శ్వేత కుబ్జ తార లాంటి పెద్ద శరీరం వేగాన్ని అంత తొందరగా పెంచడం అసాధ్యం, కనుక అది న్యూట్రాన్ తారే కావాలి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ కూడా ఈ జంటను చూసింది. ఆ దత్తాంశాన్ని తెప్పించుకుని, కలకత్తాలో కూర్చున్న పరిశోధకుడు మొదటివాళ్ల లెక్క తప్పని తేల్చాలనుకుంటే అడ్డేమీ లేదు.

దీనికి గట్టి ఆక్షేపణ న్యాయశాస్త్రంలోనే ఉంది. మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో పొగను బట్టి కొండమీద నిప్పును ఊహించడానికి వంటిల్లు దృష్టాంతం. అక్కడ పొగనూ నిప్పునూ కలిపి చూశాం. న్యూట్రాన్ తారకు వంటిల్లేది? లేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ దగ్గరికొచ్చే మూలం స్పందనలు దగ్గరపడతాయనీ, దూరమయ్యేదాని స్పందనలు ఎడమవుతాయనీ చెప్పే వ్యాప్తికి, అంటే ఒకటుంటే రెండోదీ ఉంటుందనే నియమానికి, దృష్టాంతం ప్రతి రైలు కూతలోనూ ఉంది. తార పేరు చివర్లో వచ్చింది. అనుమానాన్ని మోసినది చలనం. ఇలాంటి అనుమానమూ పొరబడవచ్చు. న్యాయభాష్యంలో సూర్యుడు స్థానం మారాడు కనుక కదులుతున్నాడన్న అనుమానం ఉంది. నిజంగా తిరుగుతున్నది మనమే! అనుమానం తప్పవుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ, అనుమానాన్ని ప్రమాణంగా ఒప్పుకోని చార్వాకులు కూడా వెతకలేరు. అయితే ఆ తప్పును దిద్దింది కూడా మరో అనుమానమే. ప్రత్యక్షానికి భూమి ఇప్పటికీ నిశ్చలంగానే తోస్తోంది.

న్యాయ పండితుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో దేవుణ్ణి కూడా ఇదే తక్కెడలో పెట్టాడు: కార్యానికి కర్త ఉండాలి, లోకం కార్యం, కనుక దానికీ కర్త ఉన్నాడని. దేవుణ్ణి పరీక్షకు నిలబెట్టిన ఆ ధైర్యాన్ని మెచ్చుకోవాలి. కానీ కుండకు కుమ్మరిని చూపే వ్యాప్తిని లోకమంతటికీ చాచినప్పుడు, ఏది కనబడితే ఆ నిర్ణయం తప్పవుతుందో చెప్పగలమా? సెంటారస్‌లో అది చెప్పగలం: గ్రహణం వేళ తప్పితే చాలు. భక్తి ఊహాసిద్ధాంతం కాదు, దానికి పరీక్ష ఏమిటని భక్తులు అంటారు. న్యాయమైన మాటే. కానీ అలా అన్నాక, న్యూట్రాన్ తారను ఎవరు చూశారని అడిగే హక్కు వాళ్లకు మిగలదు.