అంకె కింద ఏముంది?

సింగరేణిలో బొగ్గు ఇంకా ఎన్నేళ్లు వస్తుందన్న ముచ్చట సింగరేణి కార్మికుల ఊరైన గోలేటిలో వస్తే, వందేళ్లకు ఢోకా లేదనే మాట తప్పక వినిపిస్తుంది. ఆ ధీమాకు ఆధారం లేకపోలేదు. ప్రాణహిత-గోదావరి లోయలో నిర్ధారణ అయిన నిల్వలు 879 కోట్ల టన్నులని కంపెనీ చాలాకాలంగా చెబుతోంది. 2023-24లో తవ్వింది 7 కోట్ల టన్నులు. భాగిస్తే 125 ఏళ్లు. మనవళ్ల కాలం దాకా నిశ్చింత.

భాగహారంలో తప్పు లేదు. కానీ ఏటా అదే 7 కోట్ల దగ్గర ఆగితేనే ఆ 125 ఏళ్లు. ఉత్పత్తి ఏడాదికి 5 శాతం చొప్పున పెరుగుతూ పోతే అంత బొగ్గూ 40 ఏళ్లకే అయిపోతుంది. పైగా భూమిలో ఉన్నదంతా పైకి రాదు. పైకప్పు కూలకుండా బాయిలో వదిలేసిన పిల్లర్లు, ఊళ్ల కింద, అడవుల కింద, మరీ లోతున ఉన్న పొరలు నిల్వల లెక్కలో కనిపిస్తాయి గానీ వ్యాగన్లలోకి ఎక్కవు. ఎక్కిన టన్నులన్నీ కూడా ఒకటి కావు. జీ-1 రకం బొగ్గు కిలోకు 7,000 కిలో కేలరీలకు మించి వేడినిస్తే, జీ-17 ఇచ్చేది 2,500 లోపే.

అసలు బొగ్గు ఉన్నంతకాలం గని నడుస్తుందన్న నమ్మకాన్నే తడిమి చూడాలి. 1865లో విలియం స్టాన్లీ జెవన్స్ ‘ది కోల్ క్వశ్చన్’ రాసి, బ్రిటన్‌కు బొగ్గు కరువు తప్పదని హెచ్చరించాడు. తక్కువ బొగ్గుతో నడిచే ఆవిరి యంత్రాలు వచ్చాక బొగ్గు వాడకం తగ్గలేదని, యంత్రాలు పెరిగి మొత్తం వాడకమే పెరిగిందని చూపించాడు. యంత్రం మెరుగుపడితే వనరు మిగులుతుందనే వాదనకు ఇప్పటికీ అదే గట్టి ప్రశ్న. కానీ బొగ్గు కథ మాత్రం అతను భయపడినట్టు ముగియలేదు. అక్కడి చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం రాట్‌క్లిఫ్ 2024 సెప్టెంబరు 30న మూతపడింది. భూమిలో బొగ్గు ఇంకా ఉంది. కొని కాల్చేవాళ్లే దాదాపు లేరు. గోలేటి పిల్లల బతుకుదెరువు నిల్వల పట్టికను బట్టి తేలేది కాదని అంతకన్నా సూటిగా చెప్పే ఉదాహరణ దొరకదు.

ప్రశ్నించడమంటే ప్రతి అంకెనూ కొట్టిపారేయడం కాదు. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 2022 జులై నుంచి 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం పూర్తిస్థాయిలో నడుస్తోంది. దానితో ఏటా 1.65 లక్షల టన్నుల బొగ్గు ఆదా అవుతుందని సంస్థ ప్రకటించింది. సరిచూద్దాం. రాత్రుళ్లు, మబ్బులు పోను సామర్థ్యంలో ఐదో వంతుకు కాస్త పైగా పనిచేస్తుందనుకుంటే ఏడాదికి 20 కోట్ల యూనిట్లు వస్తాయి. యూనిట్‌కు ముప్పావు కిలో బొగ్గు చొప్పున లక్షన్నర టన్నులు. ప్రకటన నిలబడింది. కాకపోతే సింగరేణి సగటున రోజుకు తవ్వేదే 1.9 లక్షల టన్నులు. అంత పెద్ద రిజర్వాయరు మీద ఏడాదంతా పట్టిన ఎండ ఒక్కరోజు బొగ్గుకు సరిపోలేదు. ఆదా నిజం, దాని పరిమాణమూ నిజం. రెండూ కలిపి చెప్పినప్పుడే వినేవాడికి న్యాయం జరుగుతుంది.

కార్మికుడి ఇంటిదాకా వచ్చే అంకె లాభాల వాటాది. 2024 సెప్టెంబరులో 33 శాతం ప్రకటించారు. దేనిలో 33? సింగరేణి లాభం 4,701 కోట్ల రూపాయలన్నారు. అందులో 2,289 కోట్లు కొత్త ప్రాజెక్టులకు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు ఇచ్చారు. మొత్తం లాభంతో పోలిస్తే అది 17 శాతం. కొత్త గనులకు పెట్టుబడి కావాలి, దాన్ని ఎవరూ కాదనరు. అయినా 33 పక్కనే 17ను కూడా చెప్పి ఉంటే ఆ పంపకం మంచిచెడులు కార్మికుడు తనే తేల్చుకునేవాడు. తలా సగటున 1.90 లక్షలన్న మాట కూడా అంతే. ఎవరి మస్టర్లను, అంటే హాజరును బట్టి వాళ్లకు వస్తుంది, అచ్చంగా సగటు అందుకునేవాళ్లు అరుదు.

అదే ప్రకటనలో 41,837 మంది పర్మినెంట్ కార్మికులతో పాటు సుమారు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికుల ప్రస్తావన వచ్చింది. వాళ్లకు తలా 5,000. ఇక్కడే యంత్రాల గురించి చెప్పే పెద్ద మాటను నిలదీయాలి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. తట్టా చెమ్మస్‌తో చేత్తో నింపే రోజులు పోయి షావెళ్లు, డంపర్లు వచ్చాక సగంలోపు మందితోనే ఎన్నో రెట్లు బొగ్గు తీస్తున్నారని చెబుతారు. 7 కోట్ల టన్నులను పర్మినెంట్ కార్మికులకే పంచితే తలా 1,670 టన్నులు. కాంట్రాక్టు వాళ్లనూ కలిపితే 1,050కి దిగుతుంది. అప్పటికన్నా ఇదీ ఎక్కువే, యంత్రాల పాత్రను ఎవరూ తీసేయలేరు. కానీ ఓపెన్‌కాస్టులో బొగ్గు మీది మట్టిని తీసే పని ఎక్కువగా కాంట్రాక్టరు మనుషులదే. ఓబీ అని పిలిచే ఆ మట్టిని తీయనిదే ఖైరిగూడ ఓపెన్‌కాస్టులో బొగ్గు బయటపడదు. మట్టి తీసిన మనిషిని వదిలేసి బొగ్గును మాత్రం లెక్కించడం గణితంలో పొరపాటు కాదు, మనుషుల పట్ల అన్యాయం.

నింపిన బొగ్గు టబ్బుల లెక్కన కూలి తీసుకున్న పాత తరం ఫిల్లర్లకు ఎవరి లెక్క ఎవరు రాస్తున్నారో చూసుకోవడం బతుకులో భాగం. ఆ చూపు ఇప్పుడు ఉత్పత్తి బోర్డుల మీద పడాలి. లక్ష్యం, సాధించిన టన్నులు, శాతం రాసేచోటే ఆ రోజు తీసిన ఓబీ ఎంతో, కాంట్రాక్టు కార్మికుల మస్టర్లు ఎన్నో రాయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. యూనియన్లు వచ్చే గేట్ మీటింగులో ఈ డిమాండ్ పెట్టాలి. లాభాల వాటా ప్రకటించే రోజున మొత్తం లాభమెంత, పక్కన పెట్టిందెంత, ఏ ప్రాజెక్టుకు ఎంత అన్నది కాగితం మీద అడిగి తీసుకోవాలి.