తిరుగుదారి చూసుకుని తెడ్డు వెయ్యి బిడ్డా

కయాక్ వేసుకుని సముద్రంలో చేపలు పడతానంటున్నావు. వద్దనడానికి పిలవలేదు బిడ్డా, కూర్చో. మన మల్దకల్‌లో సీడుపత్తి చేల మధ్య పెరిగినవాడివి, ఉప్పునీళ్ల మీద తేలాలని ఆశపడితే తప్పేముంది? జూరాల గేట్ల కింద పారే కృష్ణమ్మ బీచుపల్లి దాటి, శ్రీశైలం దాటి, చివరికి హంసలదీవి దగ్గర ఆ సముద్రంలోనే కలుస్తుంది. మన నీళ్లు పోయిన చోటికే నువ్వూ పోతానంటున్నావు. పోయి రా. ఆ రెండో మాట మీదే నా ధ్యాసంతా. నీళ్ల మీదికి పోవడం ఎవరికైనా వస్తుంది. తిరిగి రావడం ముందే చూసుకుని పోవాలి. ఈ మాట ఇంకా రెండు మూడుసార్లు చెప్తా, విసుక్కోకు.

నీ ఏర్పాటంతా విన్నా. శుక్రవారం ఆఫీసు అయ్యాక హైదరాబాద్‌లో రైలెక్కుతావు. తెల్లారేసరికి బాపట్ల, అక్కడి నుంచి సూర్యలంక. శనివారం, ఆదివారం చేపలు. ఆదివారం రాత్రి మళ్లీ రైలు, సోమవారం పొద్దున ఆఫీసు. ఇందులో నిద్ర ఎక్కడుంది చెప్పు? ఒకవేళ సముద్రం బాగాలేకపోతే ఏం చేస్తావన్నది ఎక్కడుంది? అంత దూరం పోయి, అద్దె కట్టి, స్నేహితులందరికీ చెప్పుకుని, ఊరికే ఒడ్డున కూర్చుని రావడానికి నీకు మనసు రాదు. ఆ రాని మనసే నిన్ను నీళ్లలోకి తోస్తుంది. గాలి తోసేది ఆ తర్వాత.

గుర్రంగడ్డకు పోయే పుట్టీలను చిన్నప్పుడు చూశావు కదా. ఆ ఊరికి చుట్టూ కృష్ణే. వెదురుతో పెద్ద బుట్ట అల్లి, ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి, తారు పూసి చేసే పుట్టి అది. దానికి ముందూ లేదు, వెనకా లేదు, వదిలేస్తే గిరగిరా తిరుగుతుంది. నీళ్లు పారుతున్న కాలంలో దాన్ని నడిపేవాడు దిగాల్సిన చోటుకు సరిగ్గా ఎదురుగా నీళ్లలో వెయ్యడు. పుట్టిని నెత్తిన పెట్టుకుని, ఒడ్డు వెంట ఎగువకు నడిచిపోయి అక్కడ వేస్తాడు. ఏరు తనను ఎంత కిందికి లాక్కుపోతుందో వాడికి ముందే లెక్క. ఎండలో ఆ నడక చూసినవాళ్లకు వృథా అనిపిస్తుంది. ఆ నడకే వాణ్ణి ఇంటికి చేరుస్తుంది. కష్టం ముందు పడితే తిరిగి వచ్చేటప్పుడు ఒంట్లో సత్తువ మిగులుతుంది బిడ్డా.

సముద్రం మీద ఈ లెక్క నీకు తెలియకుండానే తారుమారవుతుంది. రాత్రంతా నేల చల్లబడి ఉంటుంది, నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి. అందుకని చాలాసార్లు తెల్లవారుజామున గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది. కయాక్ తేలికది. నాలుగుసార్లు తెడ్డు వేస్తే జారిపోతూనే ఉంటుంది. ఎంత హాయిగా ఉందో, నాకు ఇంత బాగా వచ్చా అనుకుంటావు. ఆ హాయి నీ వెనక నుంచి వీచే గాలి ఇచ్చింది. తిరిగేసరికి అదే గాలి ముఖానికి కొడుతుంది. అప్పటికి చేతులు అలసి ఉంటాయి, ఎండ ఎక్కి ఉంటుంది, ఒడ్డున ఉన్న మనుషులు చీమలంత కనిపిస్తుంటారు. మధ్యాహ్నానికి గాలి మారి ఒడ్డు వైపే తిరుగుతుంది కదా, అప్పుడు సులువుగా వచ్చేస్తాననుకోకు. ఆ గాలికి అలలు లేస్తాయి. ఒడ్డు దగ్గర కెరటం విరిగే చోట కయాక్ అడ్డం తిరిగిందంటే బోర్లా పడుతుంది.

కాబట్టి పుట్టి నడిపేవాడు చేసిందే నువ్వూ చెయ్యి. ముందు గాలికి ఎదురుగా పో. లోపలికి పోకుండా ఒడ్డు వెంబడే పో. సత్తువలో మూడో వంతు అయిపోయిందనిపించగానే తిప్పు. అప్పుడే చేప తగిలినా సరే తిప్పు. చేప తగిలిన గంటలోనే మనిషి ఒడ్డును మర్చిపోతాడు. ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గరికైతే అసలు పోవద్దు. పాటు సమయంలో లోపలి నీళ్లన్నీ ఒక్కసారి సముద్రంలోకి లాగుతాయి, అమావాస్య పున్నములకు ఆ లాగుడు ఇంకా ఎక్కువ. తీరం వాళ్లు పోటూ పాటూ చూసుకుని పడవ దించుతారు, గడియారం చూసి కాదు. అవి రోజూ ఒకే వేళకు రావు కూడా, రోజుకు ముప్పావుగంట పైన వెనక్కి జరుగుతుంటాయి. శనివారం చూసిన సముద్రమే ఆదివారం అదే గంటకు ఉంటుందనుకోకు.

ఇంకోటి. మన దగ్గర చుక్క వాన లేకున్నా జూరాలకు వరద వస్తుంది. పైన కర్ణాటకలో ఆల్మట్టి, నారాయణపూర్ నుంచి నీళ్లు వదిలితే, ఎండ కాస్తుండగానే ఇక్కడ గేట్లు లేపుతారు. ఆకాశం చూసి ఏట్లో దిగకూడదని మన పిల్లలకు చిన్నప్పుడే చెప్తాం. సముద్రంలోనూ అంతే. ఇక్కడ ఆకు కదలకపోయినా, ఎక్కడో దూరంగా పుట్టిన అల రోజుల తరబడి ప్రయాణం చేసి ఒడ్డుకు వస్తుంది. దాన్ని నీ కన్ను ముందుగా పట్టలేదు. పట్టేవాళ్లు ఉన్నారు. సముద్రం కనుచూపు మేరలో లేని హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అని కేంద్రప్రభుత్వ సంస్థ 1999 నుంచి ఉంది. అలలు ఎంత ఎత్తు లేస్తాయో, గాలి ఎటు వీస్తుందో మత్స్యకారులకు ముందే చెప్తుంది. నీ ఫోన్‌లో సినిమా టికెట్ చూసుకున్నట్టే అదీ చూడొచ్చు. చూసి, ఆ తర్వాత ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన దగ్గర కూర్చుని అడుగు. మన సముద్రం మీద తెడ్డుతో చేపలు పట్టడం నీతో మొదలవలేదు. దుంగలు తాళ్లతో కట్టిన తెప్ప మీద, కాళ్ల కింద నీళ్లు పారుతుంటే, ఒకరిద్దరు కూర్చుని కెరటం దాటిపోయిన తరాలు వాళ్లవి. ‘ఇయ్యాల వద్దు’ అని ఆయన అంటే ఎందుకని వాదించకు. మెరైన్ పోలీసులు వద్దన్నా అంతే. అంతదూరం నుంచి వచ్చామని బతిమాలకు, వాళ్లు ఎంతమందిని వెతికి తీశారో నీకు తెలియదు.

లైఫ్ జాకెట్ వేసుకో. వేసుకో అంటున్నా, తీసుకుపో అనడం లేదు. ఉక్కపోస్తుందని సీటు వెనక కుక్కి పెట్టిన జాకెట్, మూటలో కట్టేసిన గొడుగుతో సమానం. నాకు ఈత వచ్చు అంటావు. నువ్వు నేర్చింది బావిలో, చెరువులో. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర ఏమైందో మీ నాన్ననడుగు. సింగోటం జాతరకని కృష్ణ దాటుతున్న పడవ మునిగి 60 మందికి పైగా పోయారు. అక్కడ కెరటాలు లేవు, అవి శ్రీశైలం వెనక నీళ్లు. దేవుణ్ణి చూడ్డానికి బయల్దేరిన జనం, పిల్లాజెల్లాతో. నిలకడ నీళ్లే అంత పని చేస్తే, కదిలే సముద్రాన్ని ఎంత గౌరవించాలి?

మొదటి రోజు గాలం బయటికే తియ్యకు. నడుంలోతు నీళ్లలో కావాలనే కయాక్ బోర్లించి, మళ్లీ ఎక్కడం నేర్చుకో. రాకపోతే ఆ రోజంతా అదే చెయ్యి. తెడ్డుకు తాడు కట్టి కయాక్‌కు ముడెయ్యి. ఈల మెడలో వేసుకో. ఫోన్ నీళ్లు పోని సంచిలో పెట్టి ఒంటికే కట్టుకో, కోస్ట్ గార్డ్ నంబరు 1554 అందులో రాసి పెట్టుకో. జీన్స్ ప్యాంటుతో దిగకు, తడిస్తే కాళ్లకు బరువు. తాగే నీళ్లు సరిపోతాయనుకున్నదానికి రెండింతలు పట్టుకుపో. ఒంటరిగా పోవద్దు. స్నేహితులు ముందురోజు రాత్రి మందు దగ్గర కూర్చుంటే నువ్వు లేచి వచ్చి పడుకో. మొహమాటపడితే పొద్దున్నే నీ చేతులు నీ మాట వినవు.

ఇక చేపల సంగతి. దొరికిందల్లా సంచిలో వేసుకోవాలన్న ఆత్రం వద్దు బిడ్డా. ఉప్పునీళ్లలో పండుగప్ప అని ఉంటుంది, రుచికి పేరున్న చేప. అది మొదట మగచేపగా ఉండి, ఏళ్లు గడిచి బాగా పెరిగాక ఆడచేపగా మారుతుంది. అంటే నీ గాలానికి బాగా పెద్దది తగిలిందంటే, అది చాలావరకు ఇన్నేళ్లు బతికి బట్టకట్టి గుడ్లు పెట్టే తల్లి. ఫొటో తీసుకోవాలంటే తొందరగా తీసుకుని నీళ్లలో వదిలెయ్యి. కొర్రమీను తన ఎర్రటి పిల్లల గుంపు కింద కాపు కాస్తుంటే గాలం వెయ్యొద్దని నీకు చెప్పాను, గుర్తుందా? ఇదీ అదే. ఇంటికి ఒక కూరకు సరిపడా మధ్యరకం చేపలు తెచ్చుకో, చాలు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పుతీరంలో మోటారు పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. తెడ్డు పడవలకు ఆ నిషేధం వర్తించదని ఎవరో చెప్తే నువ్వు ఎగిరి గంతేస్తావు. పడవ మీద బతికేవాడు రెండు నెలలు ఇంట్లో కూర్చున్నప్పుడు, నెలజీతం వచ్చే నీకు ఆ రెండు నెలలు ఆగడం కష్టమా? జూన్ దాటాక పోవచ్చు, సముద్రం ఎటూ పోదు. ఇంకా, జెల్లచేప తగిలితే ఒట్టి చేత్తో పట్టకు. రెక్కల దగ్గర ముళ్లుంటాయి, గుచ్చుకుంటే చెయ్యి వాచి తెడ్డు పట్టనివ్వదు. తెడ్డు పట్టలేకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా. తిరిగి రావాలి. మళ్లీ అక్కడికే వచ్చాను చూడు.

మీ అమ్మకు చెప్పకుండా పోతానన్నావట, కంగారు పడుతుందని. చెప్పిపో. ఏ ఒడ్డు, ఎవరెవరు, ఎన్ని గంటలకు దిగుతున్నారు, ఎన్ని గంటలకు బయటికి వస్తారు, అన్నీ రాసి పంపు. ఆ గంట దాటితే ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా రాయి. ఆమె కంగారుపడితే పడనీ. నీ కోసం సమయానికి ఒకరు గడియారం చూస్తున్నారంటే అది నీకు రక్షణే. నువ్వు ఏ వైపు పోయావో తెలియకపోతే వెతికేవాళ్లు ఎక్కడని వెతుకుతారు? బయటికి రాగానే, చేపలు చూసుకోకముందే, ఫొటోలు పెట్టకముందే, వచ్చానని ఒక్క మాట ఆమెకు చెప్పు.

ఆదివారం రాత్రి టికెట్ తీసేశావా? రద్దు చెయ్యి. సోమవారం సెలవు పెట్టి, ఆ రాత్రికి మార్చుకో. శనివారం సముద్రం బాగాలేకపోతే ఆదివారం చూడొచ్చు, ఆదివారం కూడా బాగాలేకపోతే సోమవారం పొద్దున ఒక గంట ఒడ్డు దగ్గరే తెడ్డు వేసుకుని రావచ్చు, అదీ కాకపోతే ఊరికే రావచ్చు. టికెట్ మార్చినందుకు ఎంతవుతుందో చెప్పు, ఆ డబ్బులు నేనిస్తా.