అద్దె యింటి నేల



మన సంఘములో పుట్టి పెరిగిన యువకుడొకడు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. అట్లాంటిక్ సముద్రపు ఒడ్డున ఓషన్ గ్రోవ్ అను చిన్న పట్టణములో ఒక మేడమీది వాటా అద్దెకు తీసికొని రెండేండ్లు కాపురముండెను. అక్కడ నేల మన యిండ్లలోవలె గచ్చు కాదు, బండలు కాదు. ఓకు కర్ర పలకలు ఒకదానిలో ఒకటి బిగించి, పైన మెరుగుపూత పూసిన నేల. బాషాను సింధూరవృక్షములని మనము చదువునవి ఆ జాతి చెట్లే.

ఆ వాటా ఖాళీ చేసిన తరువాత అతడు ఒక రాత్రి నాకు ఫోను చేసెను. "అయ్యగారూ, మంచము ఈడ్చినప్పుడు నేలమీద మూరెడు గీత పడినది. దానిమీద చాప పరచితిని. వెళ్లునప్పుడు, క్రొత్తవారికి పనికివచ్చునని ఆ చాప అక్కడే విడిచితిని. యజమాని చూచుకొని అడ్వాన్సంతయు తిరిగి యిచ్చినాడు. నేను అబద్ధమేమియు ఆడలేదు గదా?"

"ఒప్పుకొనుము, బాబూ" అని వెంటనే చెప్పితిని. బోధకులకు ఈ మాట సులభముగా వచ్చును. అతడు కొంతసేపు ఊరకుండి, "అయితే ఇసుకకు కూడ ఒప్పుకొనవలెనా?" అని యడిగెను. దానికి నాయొద్ద జవాబు లేకపోయెను.

ఇసుక సంగతి ఏమనగా, ఆ తీరపు ఇసుకలో ఎక్కువ పాలు పలుగురాతి రవ్వలు. అవి ఇనుముకంటెను గట్టివి. చెప్పులకు అంటుకొని లోపలికి వచ్చి, అడుగడుగునకు ఆకురాయివలె పూతను గీయును. ఇదిగాక సముద్రపు చెమ్మకు పలకలు ఉబ్బి అంచులు లేచును. చలికాలమున యింటిలో వేడి పెట్టగా ఎండి సందులు విడుచును. సందులకు కాపురస్థుని దోషమేమియు లేదు. మంచపు గీత అతనిదే. ఇసుక మాత్రము ఈ రెంటి నడుమ నున్నది.

ఆ రాష్ట్రపు చట్టము న్యాయమైనదే. యజమాని ఒకటిన్నర నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసికొనరాదు. ఖాళీ చేసిన 30 దినములలో దానిని వడ్డీతో తిరిగి యీయవలెను. మామూలు వాడుకచేత కలిగిన అరుగుదలకు కోత కోయరాదు, చెరుపునకు కోయవచ్చును. అయితే చట్టము కంటికి కనబడు దానినే లెక్కించును. గీతలు పడిన నేలను యంత్రముతో చిత్రిక పట్టి మరల పూత పూయుదురు. పట్టినప్పుడెల్ల పలక కొంచెము పలుచనగును. ఒక పలక జీవితకాలములో ఆ పని కొన్ని సార్లే చేయవచ్చును. కాబట్టి ఈనాటి అజాగ్రత్తకు వెల చెల్లించువాడు ఎన్నో ఏండ్లకు వచ్చు మరియొక కాపురస్థుడు. వాడెవడో మనకు తెలియదు.

ఇది మన చేలలోనిదే గదా. కౌలు గడువు తీరు ఏట చేనికి ఎరువు తోలువాడెవడు?

ఆ పట్టణమే ఒక కౌలు పట్టణము. 1869లో మెథడిస్టు బోధకులు దానిని గుడారకూటములకై స్థాపించిరి. నేటికిని భూమి ఆ కూటముల సంఘమువారిదే. యిండ్లవారు 99 ఏండ్ల కౌలుమీద నుందురు, ఆ కౌలు మరల పొడిగింపబడును. అద్దె పుచ్చుకొను యజమానియు నేల విషయమై కౌలుదారుడే. లేవీయకాండము 25వ అధ్యాయము చదువువారికి ఇది వింతగా తోచదు.

మరునాడు నేను అపొస్తలుల కార్యముల చివరి వచనములు తెరచితిని. పౌలు రెండు సంవత్సరములు అద్దె యింట నుండి, తనయొద్దకు వచ్చిన వారినందరిని చేర్చుకొనెను. ఆ యింటి నేల ఎందరి పాదములకు అరిగెనో! ఆ అరుగుదలకు పౌలు సిగ్గుపడియుండడని నా తలంపు. అతిథుల పాదములవెంట వచ్చిన ఇసుకకు ఒప్పుకోలు అక్కరలేదు. గుమ్మములో ఒక గోనెపట్టా వేసి, సాయంకాలము ఊడ్చియుంటే ఆగిపోయెడి ఇసుక వేరు. అది ఎంతో అతనికే తెలియును. చాప సంగతి మాత్రము సందేహము లేనిది. అది నేలను కాపాడుటకు పరచినది కాదు.

ఈ మాటలు అతనికి చెప్పితిని. అతడు యజమానికి జాబు వ్రాసెను. యజమాని 200 డాలర్లు అడుగగా పంపివేసి, "ఎక్కువ తీసికొన్నాడు, అయ్యగారూ" అని నొచ్చుకొనెను. ఎక్కువేనేమో. ఆ ఊరి వడ్రంగి కూలి నాకు తెలియదు.

అతనికి చెప్పిన దినమున మా వంటయింటిలోనికి పోతిని. మేము కాపురమున్న బంగళా కూడ మాది కాదు, సంఘముది. నాలుగేండ్ల క్రిందట నా చేతిలోని రోలు జారిపడి ఒక నాపరాయి బండ పగిలెను. పూర్వపు అయ్యగారి కాలపు పగులేమోనని కమిటీవారు అనుకొనగా, నేను ఊరకుంటిని. దానిమీద బియ్యపు డబ్బా పెట్టియున్నాము. డబ్బా జరిపి, కోశాధికారిగారిని పిలిపించి చూపితిని. ఆయన నవ్వి, "పోనిండి అయ్యగారూ, ఒక్క బండే గదా" అనెను. బండ వెల, మేస్త్రీ కూలి నా వచ్చు నెల జీతములో పట్టుకొనుమని చెప్పితిని.