స్వప్నమునకు కర్త యెవరు?

మేల్కొనియున్నంతసేపు ఇల్లు, వాకిలి, కొలువు, పలుకుబడి మనవని తలంతుము. కన్ను మూసినంతనే అవి తొలగిపోవును. రాజు బిచ్చమెత్తును, బిచ్చగాడు పల్లకి యెక్కును. ఈ విచిత్రసృష్టికి కర్త యెవరు?

మానవుడే కర్త కాగలడని కొన్ని చలనచిత్రములు ఊహించినవి. 2006లో జపాను దర్శకుడు సతోషి కోన్ రూపొందించిన 'పప్రికా'లో, రోగుల కలలలో ప్రవేశించి చికిత్స చేయుటకు నిర్మించిన యంత్రము దొంగలపాలగును. పలువురి కలలు కలగలసి, తుదకు నగరముమీదకే పొర్లివచ్చును. 2010లో క్రిస్టఫర్ నోలన్ తీసిన 'ఇన్‌సెప్షన్'లో కాబ్ అనువాడు నిద్రించువారి రహస్యములను అపహరించువాడు. అతడు ఒక సంపన్నుని కుమారుని కలలోనికి, కలలో కలగా మూడంతస్తులు దిగి, తండ్రి వ్యాపారసామ్రాజ్యమును విడగొట్టుమను తలంపును నాటబూనును. అది తన తలంపేయని ఆ కుమారుడు నమ్మవలెను, కిటుకంతయు నదియే. అయితే పూర్వమొకమారు కాబ్ తన భార్య మనస్సున, ఈ లోకము నిజము కాదను తలంపును నాటియుండెను. మేల్కొనిన పిమ్మటను అది యామెను వీడలేదు. ఆమె ప్రాణమునే హరించెను.

బ్రహ్మసూత్రముల మూడవ యధ్యాయమున, రెండవ పాదారంభమున స్వప్నవిచారము గలదు. కలలోని రథములను, గుఱ్ఱములను, మార్గములను సృజించువాడు జీవుడేయని పూర్వపక్షము. భగవద్రామానుజులు శ్రీభాష్యమున దీనిని నిరాకరించిరి. జీవుడే కర్తయైనచో తనకు కీడు సూచించు కలను తానేల కల్పించుకొనును? ఆయా జీవుని స్వల్పపుణ్యపాపముల ఫలమును అనుభవింపజేయుటకై, ఆ యొక్కనికి మాత్రమే, ఆ కొంతకాలము నిలుచునట్లు పరమపురుషుడే స్వప్నపదార్థములను సృజించుచున్నాడని వారి సిద్ధాంతము. ఆ యింట వేఱొకనికి ప్రవేశము లేదు.

ఇక కలలకు యజమానియైన యాతని నడవడి పరికింపుడు. అంతర్యామియై హృదయముననే యున్న శ్రీకృష్ణునకు, అర్జునుని మనస్సున యుద్ధసంకల్పమును రహస్యముగా నాటుట యెంతటి పని? అయినను ఆయన అట్లు చేయలేదు. సేనలమధ్య రథము నిలిపి, అడిగిన ప్రతి ప్రశ్నకును ఎదుటనే బదులు చెప్పెను. తుదకు, చెప్పినదంతయు చక్కగా విమర్శించుకొని నీ యిష్టము వచ్చినట్లు చేయుమని పదునెనిమిదవ యధ్యాయమున పలికెను. సర్వశక్తుడు జీవుని స్వేచ్ఛకు ఇచ్చిన గౌరవ మట్టిది.

మనమో? కుమారుని చదువునందు, కుమార్తె పెండ్లియందు, అన్నదమ్ముల పంపకమునందు, ఎదుటివారికి తెలియకుండ వారి మనస్సు త్రిప్పజూతుము. ఒకనాడు కన్నీరు, ఒకనాడు భయము, ఒకనాడు తీయనిమాట సాధనములగును. కాబ్ యంత్రముతో చేసినదానిని మనము యంత్రము లేకయే చేయుచున్నాము. అట్లు నాటిన తలంపు ఎచట వేరూనునో, ఎవరి బ్రదుకును చీల్చునో నాటినవానికిని తెలియదు. చెప్పవలసినది ఎదుట చెప్పి, నిర్ణయమును వారికి విడుచుటయే భగవంతుడు చూపిన త్రోవ.

శయనవేళ పద్మనాభుని, దుస్స్వప్నవేళ గోవిందుని స్మరింపుమని పెద్దలు నేర్పిరి. కలను ఏలుటకు కాదు. కలను ఏలువాని చేతిలో మనస్సు నుంచి నిశ్చింతగా నిద్రించుటకు.