పరుల ప్రాణమూ, దైవం మీద భారమూ

దైవం మీద భారం వేయడం భక్తుడికి గుణమే అయినప్పుడు, ఇంకా రాని విపత్తును ఊహించి, ఎవరు ఎటు తప్పుకోవాలో ముందే రాసిపెట్టుకోవడం ఆ భక్తికి లోటు అవుతుందా అన్న ప్రశ్న, తిరుపతికీ కాణిపాకానికీ దగ్గరలో ఉన్న పాకాల వంటి చోట పండితుల చర్చగా మాత్రమే మిగలదు. 2020 ఆగస్టు 20 రాత్రి పాకాలకు పొరుగున, పూతలపట్టు మండలం బండపల్లిలోని ఒక పాల కర్మాగారంలో అమ్మోనియా లీకై, పదిమందికి పైగా కార్మికులు ఆస్పత్రి పాలయ్యారు. చల్లబరిచే యంత్రాల్లో వాడే ఈ వాయువు కంటినీ గొంతునూ ఊపిరితిత్తులనూ కాల్చేస్తుంది. మామూలుగా గాలికన్నా తేలికే అయినా, ఒత్తిడిలో ద్రవంగా ఉన్నది ఒక్కసారిగా బయటపడితే చల్లని పొగమంచులా నేలబారున పాకుతుంది. గాలి వీచే దిక్కుకు అడ్డంగా తప్పుకోవాలని తెలిసినవారు బయటపడతారు, గాలివాలున పరుగెత్తినవారు అందులోనే చిక్కుకుంటారు. ఆ తెలివి ప్రమాదానికి ముందే అందాలి.

దైవానికీ పురుషప్రయత్నానికీ మధ్య ఉందనుకునే ఈ వైరం ప్రాచీన గ్రంథాల్లో అంత గట్టిగా కనిపించదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం నాలుగో అధికరణం అగ్ని, వరద, వ్యాధి, కరువు, ఎలుకలు, క్రూరమృగాలు, పాములు, రాక్షసులు అనే ఎనిమిదింటిని దైవం వల్ల కలిగే మహాభయాలుగా లెక్కించి, ఆ వెంటనే వాటి నుంచి జనపదాన్ని కాపాడే పని రాజుదేనని విధిస్తుంది. విపత్తుకు మూలం దైవమైనంత మాత్రాన బాధ్యత కూడా దైవానికి చేరిపోదన్నమాట. వ్యాధిభయం విషయంలో వైద్యులు మందులతోనూ, సిద్ధతాపసులు శాంతికర్మలతోనూ ప్రతీకారం చేయాలని చెప్పిన ఆ గ్రంథం, ఒకదాన్ని రెండోదానికి బదులుగా పెట్టలేదు. అంటురోగాల నుంచి కాపాడే తల్లిగా గంగమ్మను కొలిచే ఈ సీమ ఊళ్లు కూడా జాతరా మానలేదు, పిల్లలకు టీకా వేయించడమూ మానలేదు.

అసలైన ఎదురువాదం శ్రీవైష్ణవంలో ఉంది. తనను తాను భగవంతుడికి పూర్తిగా అప్పగించుకోవడమే ప్రపత్తి అని ఆ సంప్రదాయం అంటుంది. వడగలై శాఖ చెప్పే మర్కటకిశోర న్యాయంలో కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి. తెంగలై శాఖ చెప్పే మార్జారకిశోర న్యాయంలో పిల్లికూన ఏమీ చేయనక్కరలేదు, తల్లే నోట కరుచుకొని తీసుకుపోతుంది. ఈ రెండో పక్షానికి స్వప్రయత్నం శరణాగతికి అడ్డు. అయితే ఈ చర్చ మోక్షం గురించినది. అంతకన్నా ముఖ్యంగా, ప్రపన్నుడు, అంటే శరణు పొందినవాడు, అప్పగించేది తన ఆత్మను, తన భారాన్ని. పొరుగువాడి ఊపిరి అతడి సొత్తు కాదు కాబట్టి, దాన్ని దైవానికి అప్పగించే అధికారమూ అతడికి లేదు. తన ప్రాణం విషయంలో నిశ్చింత భక్తి కావచ్చు. పరుల ప్రాణం విషయంలో అదే నిశ్చింత ఉపేక్ష అవుతుంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగినదాన్ని ఈ దృష్టితోనే తూచాలి. ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలో కోవిడ్ లాక్‌డౌన్ రోజుల్లో నిల్వ ఉన్న స్టైరీన్ అనే రసాయనం, చల్లదనమూ చర్యను ఆపే నిరోధకమూ చాలక, అణువులు గొలుసుగా కలిసే పాలిమరీకరణ వల్ల వేడెక్కి, ఆవిరై ఊరి మీదికి వచ్చింది. 12 మంది మరణించారు. ప్రమాద సైరన్ మోగలేదు. నిద్రలో ఉన్నవారికి మోగాల్సిన సైరన్ మోగకపోవడాన్ని కర్మ అనడం, ఓదార్పులా వినిపించినా, దోషికి చేసే ఉపకారమే. ఆ ఏడాదే మార్చి 20న కోవిడ్ వ్యాప్తి భయంతో తిరుమలలో భక్తుల దర్శనం ఆపేసి, నిత్యకైంకర్యాలను, అంటే స్వామివారికి రోజూ జరిగే సేవలను, మాత్రం అర్చకులు కొనసాగించడం ఇందుకు పూర్తిగా విరుద్ధమైన నిదర్శనం. అక్కడ పూజ ఆగలేదు, జనం గుమికూడడం ఆగింది.

ముందే సిద్ధపడాలంటే చేయాల్సిన విషాల మీది పరిశోధనే పాపం కాదా అన్న శంక మరొకటి. అర్థశాస్త్రం పద్నాలుగో అధికరణం ప్రాణాలు తీసే పొగలను వివరించి, చివరి అధ్యాయంలో వాటికి విరుగుళ్లనూ చెప్పింది. 1997లో అమలులోకి వచ్చిన రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం కూడా రక్షణ కోసం చేసే పరిశోధనను అనుమతిస్తుంది. ఆ అనుమతికి నైతిక బలం, కనుగొన్న విరుగుడు ప్రమాదం అంచున బతికేవారికి చేరినప్పుడే వస్తుంది. అల్మరాలో దాచిన ప్రణాళిక ఎంత గొప్పదైనా సంసిద్ధత అనిపించుకోదు.

మన చట్టం ఈ మాటను కొంతవరకు ఒప్పుకుంది. ప్రమాదకర రసాయనాలను నిర్ణీత పరిమాణానికి మించి నిల్వ చేసే కర్మాగారం తన ఆవరణ లోపలి అత్యవసర ప్రణాళికను తానే రాసుకోవాలనీ, చుట్టుపక్కలవారికి ప్రమాద స్వభావాన్నీ పాటించాల్సిన జాగ్రత్తలనూ తెలియజేయాలనీ 1989 నియమాలు చెబుతాయి. రసాయన ప్రమాదాలపై 1996 నియమాలు రాష్ట్ర, జిల్లా, స్థానిక స్థాయుల్లో సంక్షోభ బృందాలను ఏర్పరచి, అడిగినవారికి సమాచారం ఇవ్వాలని ఆదేశిస్తాయి. చిన్న శీతల కేంద్రాలు ఆ పరిమాణానికి లోబడి ఉండి చాలాసార్లు ఈ బాధ్యత నుంచి జారిపోవడం చట్టంలోని లోపం. ఆ లోపం సవరించేదాకా ఎదురుచూడకుండా, పాకాల ప్రాంతపు పంచాయతీలు తమ పరిధిలో ఏ ట్యాంకులో ఏముందో, లీకైతే ఎవరు ఎవరికి కబురు చేస్తారో గ్రామసభలోనే రాతపూర్వకంగా అడగాలి.