గట్టివాడికి నీళ్ళు అక్కరలేదా?



మన ఇండ్లలో తరచుగా వినబడే మాట ఒకటున్నది: "ఆమెది మొండిప్రాణము, ఆమెకేమీ కాదు." దీనిని మెచ్చుకోలుగానే అంటాము. కాని ఆ మాట అన్న తరువాత ఆమె దగ్గరకు వెళ్ళి "ఎలా ఉన్నారమ్మా?" అని అడగడము మానివేస్తున్నామేమో చూచుకోవలెను. ఇంతకూ గట్టితనమంటే ఏమిటి? ఏ అవసరమూ లేకుండుటయేనా?

ముందుగా మనకందరికీ తెలిసిన తాటిచెట్టును చూద్దాము. ఎవరూ నీరు పోయరు, ఎరువు వేయరు. అయినా ఎండకు, గాలికి నిలుస్తుంది. అయితే దాని మొదటి రోజులు గమనించండి. టెంక నాటితే మొలక ముందు పైకి రాదు, భూమిలోకి దిగుతుంది. అక్కడ పిండిని దాచుకొంటుంది. మనము కాల్చుకొని తినే తేగ అదే. నెలల తరబడి లోపల పని జరిగిన తరువాతనే మొదటి ఆకు కనబడుతుంది. కాపుకు రావాలంటే 12 నుంచి 20 ఏళ్ళు పడుతుంది. అంటే తాటిచెట్టుకు నీరు అక్కరలేదని కాదు, అది నీటికోసము లోతుకు వెళ్ళింది. చిన్ననాడు దాచిన నిలువే దాని బలము. ఆ తేగను మనము తవ్వి తీస్తే ఇక చెట్టే లేదు.

పశువులలో ఒంగోలు జాతిని తీసుకొందాము. తెల్లని వెంట్రుక ఎండను వెనుకకు కొడుతుంది, దాని క్రింది నల్లని చర్మము ఒంటిని కాపాడుతుంది. పిడుదుల బాధ కూడా తక్కువే. ఈ గుణాలను చూచి బ్రెజిల్ దేశస్థులు ఈ పశువులను ఓడలమీద తీసుకొనిపోయారు. నెల్లూరు పేరుమీద అక్కడ ఆ జాతిని "నెలోర్" అంటారు. నేడు ఆ దేశపు మాంసపు పశువులలో అధికభాగము ఆ జాతివే. మరి పుట్టినచోట? ట్రాక్టర్లు వచ్చాక దుక్కిటెద్దు అవసరము తగ్గింది. మేలుజాతి పశువులు బాగా తగ్గిపోయినవి. ఎండ ఆ జాతిని చంపలేదు. రైతు చేతి చొప్ప, రైతు ఆదరణ తగ్గితే మాత్రము అది తట్టుకోలేకపోయింది. ఎంత గట్టి జాతియైనా మేపే చెయ్యి లేకపోతే నిలువదు.

ఇక మనుష్యుల సంగతి. 1876-78 నాటి గొప్ప కరువు మన పూర్వికుల ఇండ్లమీదుగా వెళ్ళినదే. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి మద్రాసు రాజధానికి వచ్చి ఖర్చు తగ్గించుటకు కరువు పనులలో కూలి కుదించాడు. మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా. పౌను అంటే దాదాపు 450 గ్రాములు. దినమంతా మట్టి మోసే మనిషికి అది చాలదని, మాంసకృత్తులు, కూరగాయలు కూడా కావలెనని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆ ఏడే తరువాత కూలి కొంత పెంచారు. కాని ఈలోపల ఎందరో పోయారు. పేదవాడు కొంచెముతో బ్రతుకగలడు, వాడికి అలవాటే అనుకొనుట ఎంత సులభమో చూడండి! తట్టుకొనే శక్తిని లెక్కలోనికి తీసుకొని అన్నము తగ్గిస్తే అది పొదుపు కాదు, హింస.

అదే కరువులో ఒంగోలులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగము తవ్వించే కాంట్రాక్టు తీసుకొన్నారు. బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. పని కష్టమే, గడ్డపార బరువే. కాని పనివారి మంచిచెడ్డలు చూచేవారు ప్రక్కనే ఉన్నారు.

మన పెద్దలు కూలికోసము కోలారు గనులకు, బొంబాయి మిల్లులకు, రైల్వే పనులకు వలసవచ్చి ఈ నేలలో వేరూనుకొన్నారు. వారిని గట్టివారని మనము గర్వముగా చెప్పుకొంటాము. నిజమే. కాని వారు ఒంటరిగా నిలువలేదు. ముందు వచ్చినవాడు వెనుక వచ్చినవానికి గదిలో చాప పరిచాడు. ఒకరి జ్వరానికి మరొకరు గంజి కాచారు. ఆ గంజి, ఆ చాప వారి తేగలు. వాటిని మరచిపోయి గట్టితనమును మాత్రమే పొగడితే మన పిల్లలకు సగము కథే చెప్పినవారమవుతాము.

గట్టిపడుట వేరు, మొద్దుబారుట వేరు. గట్టిపడినవానికి నొప్పి తెలుస్తుంది, అయినా నిలుస్తాడు. మొద్దుబారినవానికి తన నొప్పీ తెలియదు, ఎదుటివాని నొప్పీ తెలియదు. "మేము పడలేదా కష్టాలు? నీవూ పడు" అని కోడలితోనో, క్రొత్తగా వచ్చిన కూలితోనో అన్ననాడు మన గట్టితనము మొద్దుతనముగా మారినదని తెలుసుకోవలెను.

కాబట్టి ఈ వారము ఒక పని చేద్దాము. మన సంఘములో ఎన్నడూ ఏమీ అడుగని మనిషి ఒకరు ఉంటారు. వెనుక వరుసలో కూర్చుండే విధవరాలు కావచ్చు, రోగియైన భార్యను ఏళ్ళుగా చూచుకొనుచున్న వృద్ధుడు కావచ్చు. వారి ఇంటికి వెళ్దాము. "మీరు గట్టివారండీ" అని చెప్పి తిరిగి రావద్దు. కాసేపు కూర్చుని, "మీకేమి కావలెను?" అని అడుగుదాము. జవాబు వచ్చేవరకు లేవకుండా ఉందాము.